చక్రానికీ సిమెంటుకీ మధ్య

తాళ్లమెరక నుంచి రేవు దాకా వేసిన సిమెంటు రోడ్డు బాగుందో లేదో దాని మీద తిరిగేవాళ్ళని అడిగితే చెప్పేసేవారు. కాకపోతే జనాన్ని అడిగి తెలుసుకున్నదాన్ని కబురంటారు గాని కొలత అనరు. కొలత అనిపించుకోవాలంటే పట్నం నుంచి వ్యాను రావాలి, ఆ వ్యాను చక్రం పక్కన మైకు వేలాడాలి, మైకు పట్టుకొచ్చినవాడికి ఆ రోడ్డుతో జన్మలో పని పడకూడదు. ఇందుకోసం ప్రభుత్వం వారు రహదారి మృదుత్వ నిశ్శబ్దతా పర్యవేక్షణ విభాగమని ఒకటి పెట్టారు. బోర్డు మీద ఆ పేరు చదవడం పూర్తయ్యేలోపు సైకిలు మీద పోయేవాడు ఊరు దాటేసేవాడు.

సిమెంటు రోడ్డు వయసు మీద పడేకొద్దీ ఎంత గరుకెక్కుతోంది, చక్రం దొర్లితే ఎంత మోత మోగుతోంది అన్నది ఏడాదికి రెండుసార్లు కొలిచి కాగితం మీద గీత గీయడం ఆ విభాగం పని. గీత పైకి పోతే రోడ్డు చెడుతున్నట్టు. కిందికి దిగితే బాగుపడుతున్నట్టు. వేసిన రోడ్డు దానంతటది బాగుపడటం సృష్టిలో లేదు గనుక గీత కిందికి దిగితే ఏం చెయ్యాలో ఎవరూ రాసి పెట్టుకోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి కొలత నడివేసవిలో జరిగింది. రోడ్డు అప్పటికి కొత్తదే గాని, కంట్రాక్టరు దాన్ని ఎందుకు వేశాడో మరిచిపోయి వేసినట్టుండేది. వ్యాను పోతుంటే రోట్లో గులకరాళ్ళు పోసి దంచినట్టు మోగింది. ఆ ఏరియా చూసే అసిస్టెంటు ఇంజనీరు త్రినాథ్ ఆ మోతని అంకెల్లో రాసుకుని, మొదటి చుక్క పెట్టి, వెళ్ళిపోయాడు.

కుడిపూడి మంగతాయారుకి ఆ రోడ్డు మెత్తదనంతో పని లేదు. ఆవిడకి పని ఉన్నది దాని మీద పడే ఎండతో. మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకున్న దగ్గర్నుంచి కౌలు వ్యవసాయమంతా ఆవిడదే. పూర్వం ఊరికి ధాన్యం ఎండబెట్టుకునే కళ్ళాలుండేవి. ఇప్పుడు కళ్ళాలున్న చోటల్లా చెరువులు తవ్వి రొయ్యలు వేశారు. చేలో చెమ్మ, దొడ్లో చెమ్మ, గుమ్మంలో చెమ్మ. ఊరు మొత్తానికి పొడిగా ఉండేవి రెండే, ఒకటి ఈ రోడ్డు, రెండోది పంచాయతీ కుళాయి.

అందుకని సార్వా కోతలు కాగానే తాళ్లమెరక రైతులందరూ ధాన్యం తెచ్చి రోడ్డు మీద పోసేవారు. ఎవరి వాటా ఎక్కడో ఎవరూ గీత గీయకపోయినా అందరికీ తెలుసు. ఎడమ సగం గింజలకి, కుడి సగం బళ్ళకి. మధ్యలో హద్దుగా కొబ్బరిమట్టలు. పొద్దున్నే పరిచి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేసి, పొద్దు వాలేసరికి రాశి చేసి బరకం కప్పేసేవారు. భూమిగలవారి వాటా పోగా ఆ రాశిలో మిగిలేదే మంగతాయారు ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి.

రెండో కొలతకి వ్యాను వచ్చేసరికి రోడ్డు పొడుగునా ఎడమ సగం బంగారం పోసినట్టు ధాన్యం పరుచుకుని ఉంది.

"ఇంజనీరు గారండి, సాయంత్రానికి ఎత్తేత్తామండి. అప్పుడు కొలుచుకోండి," అంది మంగతాయారు.

"మధ్యాహ్నంలోపు కొలవాలని షెడ్యూల్లో ఉందమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు," అన్నాడు త్రినాథ్.

"పోనీ అటు సగం ఖాళీగానే ఉంది కదండి. అటు తోలుకోండి."

"ఎడమ చక్రం బాటలోనే కొలవాలని రూలు. నా చేతుల్లో లేదన్నాను కదమ్మా."

త్రినాథ్ చెడ్డవాడు కాదు. అతని చేతులు రెండూ ఉన్నచోటనే ఉన్నాయి, వాటిలో మాత్రం ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. వ్యాను ధాన్యం మీంచే పోయింది. పరుపు మీద పిల్లి నడిచినంత చప్పుడు కూడా కాలేదు. అంకెలు చూసి త్రినాథ్ రెండుసార్లు కళ్ళు నులుముకున్నాడు. ధాన్యం సంగతి ఎక్కడైనా రాద్దామంటే, మిగతా విషయాల గడి వాతావరణం కోసం మాత్రమే అని పైవాళ్ళు ముందే అచ్చేసి పంపారు. అందులో 'ఎండగా ఉంది' అని రాసి సంతకం పెట్టాడు.

పట్నంలో విభాగం ముఖ్య పర్యవేక్షకులు పరంధామయ్యగారు ఆ గీత చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడటం ఆఫీసువాళ్ళు అంతకుముందు జెండా వందనానికి తప్ప చూడలేదు. వయసు పెరిగేకొద్దీ మెత్తబడే రోడ్డు, మోత తగ్గించుకునే రోడ్డు. మర్నాటికల్లా రాష్ట్ర స్థాయి పురస్కారానికి సిఫారసు వెళ్ళింది. ఆ తర్వాత ఆ రోడ్డు ఎక్కడుందో చూసొద్దామని ఆయనే కారెక్కి వచ్చారు.

కారు దిగి పరంధామయ్యగారు చాలాసేపు కిందికి చూశారు.

"ఇదేమిటి త్రినాథ్?"

"ధాన్యమండి," అన్నాడు త్రినాథ్.

"నువ్వు ఇంజనీరువి. ఇంజనీరు కంటికి ధాన్యం కనబడకూడదు. ఉపరితలం కనబడాలి. దీన్ని ఉపరితల సేంద్రియ ధ్వనిశోషక పొర అంటారు."

"కానీ సార్, ఇది రైతులది కదండి. మోత తగ్గింది దీనివల్లే కదండి."

పరంధామయ్యగారు త్రినాథ్ భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళారు. "ధాన్యం మీద మోత తగ్గిందని రాస్తే పేరు రైతుకొస్తుంది. రోడ్డు మీద మోత తగ్గిందని రాస్తే పేరు విభాగానికొస్తుంది. రెండూ నిజాలే. మనకి జీతం ఇచ్చేది రెండో నిజం."

ఆ పూటే ఉత్తర్వు వచ్చింది. 'కొలత సమయమున చక్రమునకును సిమెంటునకును మధ్య ఉన్నదెల్లయు రహదారి ఉపరితలముగా పరిగణింపబడును. పురస్కార సంఘము వారు స్వయముగా వచ్చి ధ్రువీకరణ కొలత గావించు పర్యంతము సదరు ఉపరితలమును తొలగించుట, కదల్చుట, మార్చుట నిషేధము.' దాన్ని రేకు మీద రాయించి ఊరి మొదట్లో పాతారు. ధాన్యం చెదిరిపోతుందని రేవుకెళ్ళే బస్సు ఆపేశారు. ఆ విధంగా, ఎంత మెత్తగా ఉందో తెలిసిన మర్నాటి నుంచి ఆ రోడ్డు మీద చక్రం తిరగడం మానేసింది.

కాపలాకి మనిషి కావాలంటే ఊళ్ళో ఖాళీగా ఉన్న వీరబాబుని పెట్టారు. వీరబాబు మంగతాయారుకి స్వయానా మరిది. మీసాలు నెరిసినా ఇన్నాళ్ళూ ఏ ఉద్యోగమూ చెయ్యనివాడు, టోపీ పెట్టి ఈల చేతికిచ్చేసరికి ఒక్కసారిగా నిటారుగా అయిపోయాడు.

పొద్దున్నే మంగతాయారు చీర బొడ్లో దోపుకుని, ధాన్యం తిరగేద్దామని ఒక కాలు ముందుకు వేసింది. ఈల మోగింది.

"ఆగొదినా. దాని మీద కాలెయ్యకూడదంట."

"నా గింజల మీద నేను కాలెయ్యకూడదా?"

"గింజలు కాదంటొదినా. సేంద్రియవో ఏదో అన్నారు, నోరు తిరగలేదు. మొత్తానికి రోడ్డంట."

"నీకు బుద్ధుందా వీరబాబూ?"

"ఉండేదొదినా. నిన్న సంతకం పెట్టించేసుకున్నారు," అన్నాడు వీరబాబు చిన్నబోయి. "దేవుడొచ్చి ముట్టుకున్నా సరే ఆపెయ్యమన్నారు. లేపోతే ఉద్యోగం పోద్దంట."

మంగతాయారు కూర్చుని గింజల్లోకి చెయ్యి దోపింది. పైన ఎండకి గలగలలాడుతోంది గాని, అడుగున గింజ జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులా వేడిగా, చెమ్మగా తగిలింది. ఇంకొన్నాళ్ళు తిరగెయ్యకుండా వదిలేస్తే అడుగు ముక్కిపోతుంది. ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తిట్టడానికి ఎదురుగా ఉన్నది మరిది ఒక్కడే, వాడిని తిట్టినా రోడ్డుకి తగలదు. ఆవిడ రేవు దాకా నడిచి, పడవ దాటి, త్రినాథ్ ఆఫీసుకి వెళ్ళింది.

"అమ్మా, ధాన్యం మీదే. ఎవరూ కాదనలేదు," అన్నాడు త్రినాథ్ కుర్చీ చూపించి. "కాకపోతే ప్రస్తుతం అది రోడ్డు. రోడ్డేమో ప్రభుత్వానిది."

"మరెప్పుడు ధాన్యమవుద్దండి అది?"

"ధ్రువీకరణ అయ్యాక."

"అదెప్పుడండి?"

"సంఘం వారి తీరికని బట్టి."

"అడుగున వేడెక్కిపోతోందండి. పోనీ తిరగేసుకోనివ్వండి. ఎత్తనులెండి, ఉత్తినే తిరగేత్తాను."

త్రినాథ్ రూళ్ళ పుస్తకం తిరగేశాడు. ఉత్తర్వులో కదల్చుట ఉంది గాని, తిరగేయుట అన్న మాట ఎక్కడా లేదు. "కాళ్ళతో తిరగేస్తే చాళ్ళు పడతాయి కదమ్మా. చాళ్ళంటే ఎగుడుదిగుళ్ళు. మృదుత్వం పడిపోతుంది. చాళ్ళు పడకుండా తిరగేస్తానని హామీ ఇవ్వగలరా?"

"నడిత్తే చాళ్ళు పడకుండా ఎలాగండి? ఎగరమంటారా?"

ఎగిరే విషయం తన చేతుల్లో లేదన్నాడు త్రినాథ్. ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "పైన వాయుగుండం పట్టిందని రేడియోలో చెప్పారండి. బరకమైనా కప్పుకోనిత్తారా?" అని అడిగింది. అది పెద్ద ప్రశ్న గనుక త్రినాథ్ పైకి రాశాడు. బరకం కప్పినచో బరకము సైతము ఉపరితలమగును, అట్టి ఉపరితలమునకు వేరుగా టెండరు పిలువవలసియుండును, కావున తిరస్కరించడమైనది అని పైనుంచి జవాబు వచ్చింది. ఆ జవాబు కింద సంతకం పరంధామయ్యగారిదే.

ఈలోగా రోడ్డుకి కొత్త శత్రువులు బయల్దేరాయి. ఊళ్ళో కోళ్ళకి రేకు మీద రాసింది చదవడం రాదు. అవి మామూలుగానే వచ్చి గింజలు ఏరుకు తిన్నాయి. వీరబాబు ఈల ఊదితే రెక్కలు టపటపలాడించి అవతలికెళ్ళి మళ్ళీ వచ్చాయి. విషయం పైకి వెళ్ళింది. ప్రజాధనంతో నిర్మించిన రహదారిని భక్షించినందుకు సంజాయిషీ కోరుతూ కోళ్ళ యజమానులకి నోటీసులు వచ్చాయి. రోడ్డు తిన్నవాళ్ళ మీద ఆ విభాగం చర్య తీసుకోవడం అదే మొదలు. అంతకుముందు తిన్నవాళ్ళెవరికీ రెక్కలు లేకపోవడం వల్ల కాబోలు, వాళ్ళ జోలికి పోలేదు.

మంగతాయారు కోడిపెట్టకి కూడా నోటీసు వచ్చింది. ఆవిడ దాన్ని మొగుడికి చదివి వినిపించింది. నడుం పడిపోయినప్పటి నుంచి నవ్వని మనిషి ఆ వేళ నవ్వాడు. నవ్వి, కాసేపాగి, "అయితే ఈ ఏడు తిండి?" అన్నాడు. ఆవిడ నోటీసు మడిచి చూరులో దోపింది.

ఆఖరికి పురస్కార సంఘం వచ్చేరోజు వచ్చింది. ఆకాశం ఉదయం నుంచే మూలుగుతోంది. సముద్రం వైపు నల్లగా కట్టుకొచ్చింది. రైతులందరూ గోనెసంచులు, గంపలు, చేటలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. కొలత అయిందనిపించగానే ఎత్తెయ్యాలని వాళ్ళ ఆత్రం. మంగతాయారు మడతపెట్టిన బరకం చంకలో పెట్టుకుని ముందు వరసలో ఉంది.

సంఘానికి అధ్యక్షురాలు వసుంధరాదేవిగారు. కళ్ళజోడు లోంచి చూస్తే అంకెలు కూడా సర్దుకు కూర్చుంటాయని పేరు. పరంధామయ్యగారు కొత్త పంట్లాం, తళతళలాడే తోలు బూట్లు వేసుకొచ్చారు. వ్యాను వెనకాల బయల్దేరింది, ఆయన ముందు నడుస్తూ వివరిస్తున్నారు.

"కాలప్రవాహంలో కరుకెక్కడం లోకధర్మం. ఆ ధర్మాన్ని ధిక్కరించిన తొలి రహదారి ఇది. దీని మీద అడుగు పెడితే, అడుగు పెట్టినట్టే ఉండదు."

అని చెప్పి అడుగు పెట్టారు. ఎండిన గింజ మీద తోలు బూటు ఏం చేస్తుందో తాళ్లమెరకలో పాకే పిల్లలకి కూడా తెలుసు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమైంది. అడుగు పెట్టినట్టే లేదు, రెండు కాళ్ళూ గాలిలోకి లేచాయి, మనిషి దబ్బున కూర్చున్నారు. వెనకాల వస్తున్న వ్యాను బ్రేకు వేసింది. ఎడమ చక్రం ఆయన పంట్లాం అంచుని సిమెంటుకి అదిమిపెట్టి ఆగింది.

వ్యాను లోంచి త్రినాథ్ తల బయటపెట్టి, "శబ్దం సున్నా సార్," అన్నాడు. సంఘ సభ్యులు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

లేపుదామని ఇద్దరు వంగారు. ఈల మోగింది.

"ముట్టుకోకండి," అన్నాడు వీరబాబు. "రోడ్డు."

"ఎవర్రా రోడ్డు?" అన్నారు పరంధామయ్యగారు కింద నుంచి.

"మీరేనండి. చక్రానికీ సిమెంటుకీ మధ్యనున్నదంతా రోడ్డేనని తమరే రాయించారండి, అదుగో రేకు. దేవుడు ముట్టుకున్నా ఆపమన్నారండి. ఆయ్."

అందరూ వసుంధరాదేవిగారి వైపు చూశారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రేకు మీదున్నదంతా చదివారు. "నిర్వచనం స్పష్టంగా ఉంది. ఉన్నదెల్లయు అన్నారు. మినహాయింపులు లేవు. ధ్రువీకరణ పూర్తయ్యేదాకా కదల్చడానికి వీల్లేదు."

"అయితే త్వరగా పూర్తి చెయ్యండి."

"పూర్తి కావాలంటే వ్యాను చివరిదాకా వెళ్ళాలి పరంధామయ్యగారూ," అన్నారు ఆవిడ. వ్యాను ఏ దారిన చివరిదాకా వెళ్ళాలో ఆలోచించి అందరూ కాసేపు రేవు వైపు చూశారు. వెనక్కి తీద్దామంటే, నడుస్తున్న కొలతలో చక్రం వెనక్కి తిరిగితే మొదటి నుంచి మళ్ళీ చేయాలని, అందుకు ఇంకో తేదీ తీసుకోవాలని నిబంధన అడ్డొచ్చింది. పంట్లాం విడిచి లేవవచ్చునని ఒక సభ్యుడు సూచించాడు గాని, అధ్యక్షురాలు ఎదురుగా ఉండగా ఆ సూచన చర్చకి రాలేదు.

మొదటి చినుకు పరంధామయ్యగారి బట్టతల మీద పడింది. రెండోది మంగతాయారు ధాన్యం మీద పడింది. ఆ రెండో చినుకు చప్పుడు ఆవిడకి గుండెల్లో వినిపించింది.

పరంధామయ్యగారు పైకి చూసి, తర్వాత ఆవిడ చంకలో బరకం వైపు చూశారు. "అమ్మా, అది కాస్త..."

"ఇయ్యడానికి నాకేవండి, కప్పుతాను," అంది మంగతాయారు. "కప్పితే అదీ రోడ్డయిపోద్దని, టెండరు పిలవాలని తమరే కాయితం పంపారండి. మీ మాట మీరే తీసేసుకోండి బాబూ. మిమ్మల్నీ ఎత్తేత్తాం, గింజల్నీ ఎత్తేత్తాం." మాట వెటకారంగానే మొదలుపెట్టింది గాని చివరికి వచ్చేసరికి అది బతిమాలుకోవడం అయిపోయింది.

దాంతో సంఘం అక్కడికక్కడే సమావేశమైంది. అధ్యక్షురాలు నిలబడి, సభ్యులు నిలబడి, ప్రతిపాదకులు కూర్చుని. పరంధామయ్యగారు ముందు తెలివిగానే కదిలారు. 'ముఖ్య పర్యవేక్షక స్థాయి, ఆపై స్థాయి అధికారులు ఉపరితలముగా పరిగణింపబడరు' అని సవరణ చెప్పి రాయించారు. ధాన్యం మాట ఎత్తలేదు. వీరబాబు వచ్చి వంగి చూశాడు.

"తమర్ని లేపొచ్చండి. కాపోతే తమరి జేబుల్లో రోడ్డుందండి. కాలర్లో కూడా ఉందండి. పంట్లాం వెనకాలైతే శానా రోడ్డు అంటుకుందండి. తమరు లేత్తే అది కదులుద్ది. కదల్చకూడదని రేకు మీద ఉందండి."

వీరబాబుకి అంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో వదినకి అర్థం కాలేదు. సంతకం పెట్టించుకుని తీసేసుకున్నది ఎవరో తిరిగిచ్చేశారనుకుంది. వసుంధరాదేవిగారు ఆ వాదన సాంకేతికంగా సరైనదన్నారు. వర్షం కాస్త గట్టిపడింది. పరంధామయ్యగారి కొత్త చొక్కా ఒంటికి అతుక్కుంది.

"రద్దు," అన్నారాయన. "మొత్తం రద్దు. నిర్వచనం రద్దు, నిషేధం రద్దు. తాళ్లమెరక రోడ్డు మీదున్నది ధాన్యమే."

త్రినాథ్ వంగితే అతని వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశారు. ఒక ఆడమనిషి కాళ్ళరిగేలా తిరిగి అడిగినా కదలని ఉత్తర్వు, అధికారి పిర్రలకి చెమ్మ తగలగానే కదిలింది. ఇంటిల్లిపాది ఆకలికి లేని బరువు ఒక తడిసిన పంట్లానికి ఉందని ఆ రోజు ఊరంతా కళ్ళారా చూసింది.

సంతకం అవుతూనే ఊరు ఊరంతా రోడ్డు మీద పడింది. ఎవరి రాశి అని చూడలేదు, దొరికినచోట ఎత్తారు, దొరికిన సంచిలో పోశారు. వీరబాబు టోపీ తీసి దాంతో గింజలు తోడాడు. పరంధామయ్యగారిని ఎవరు లేపారో, ఎప్పుడు లేపారో ఎవరికీ గుర్తు లేదు. ఆయనే లేచి ఉంటారు.

మంగతాయారు పై సగం దక్కించుకుంది. అడుగు సగం నల్లబడి, ముక్కిన వాసన వేసి, చేత్తో తీస్తే ముద్దలా వచ్చింది. దాన్ని ఒక పక్కకి లాగి, వానలో నిలబడి చూసింది. "పై సగం నాది, అడుగు సగం గవర్నమెంటుది," అంది మరిదితో. ఆ ఏడు వాళ్ళింట్లో రాత్రిపూట గంజే కాచుకున్నారు. కోడిపెట్టని సంజాయిషీ ఇవ్వకముందే అమ్మేశారు.

పురస్కారం మాత్రం ఆగలేదు. సున్నా శబ్దం రికార్డయిన మాట వాస్తవం, రికార్డయినదాన్ని చెరిపే అధికారం ఎవరికీ లేదు. పరంధామయ్యగారు శాలువా కప్పించుకున్నారు, పై మెట్టు ఎక్కారు. ఆ సున్నా ఎలా వచ్చిందో అధ్యయనం చెయ్యమని పై నుంచి ఆదేశం వచ్చింది. నిపుణులు శ్రమపడి తేల్చారు. అంతకుముందు కొలతల్లో లేనిది, ఆ కొలతలో చక్రానికీ సిమెంటుకీ మధ్య ఉన్నది ఒక్కటే. అది అధికారి.

దాని పేరు తాళ్లమెరక పద్ధతి అయింది. కొలత సమయాల్లో రహదారి ఎడమ చక్రం బాటలో ఒక అధికారిని కూర్చోబెట్టాలని అన్ని ఆఫీసులకీ ఉత్తర్వు వెళ్ళింది. ముఖ్య పర్యవేక్షక స్థాయి, ఆపై స్థాయివారికి మినహాయింపు ఆ వాన రోజున రాసిందే, అది ఒక్కటి ఎవరూ రద్దు చేయలేదు.

మళ్ళీ సార్వా కోతలయ్యాయి. మంగతాయారు తెల్లవారుతూనే ధాన్యం గంపల్లో తెచ్చి తన వాటా రోడ్డు మీద పరిచింది. కాస్త అవతల, ఎడమ చక్రం బాటలో, త్రినాథ్ చాప కూడా లేకుండా కూర్చుని ఉన్నాడు. చాప వేస్తే చాప కూడా లెక్కలోకొస్తుందట. వ్యాను పట్నంలో బయల్దేరిందో లేదో తెలియదు. ఎండ నడినెత్తికి వచ్చింది.

ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గటగటా తాగాడు. కూలీకొచ్చినవాడైనా ఎండలో కూర్చుంటే ఆవిడ అంతే చేసేది.

"అమ్మా," అన్నాడు త్రినాథ్, గట్టున మడతపెట్టి ఉన్న బరకం వైపు చూస్తూ. "మాడు పగిలిపోతోంది. అది కాస్త పైన పట్టుకుంటారా?"

మంగతాయారు బరకం వైపు చూసింది, అతని వైపు చూసింది. చీర బొడ్లో దోపుకుని ధాన్యంలోకి దిగింది.

"నా చేతుల్లో ఏం లేదండి," అని, కాళ్ళతో చాళ్ళు తీస్తూ, అతన్ని తప్పించి చుట్టూ తిరగేసుకుంటూ పోయింది.